రాణి లేని పుస్తకం రాసిన సారు

మా తెలుగు సారు పోయారు. పోయిన నెల ఒక పొద్దున, మేడ్చల్‌లో నా డీటీపీ షాపు షట్టరు లేపుతుంటే ఆయన బిడ్డ ఫోన్ చేసింది.

"అక్కా, నాయిన పోయిండు" అంది. నేను షట్టరు సగంలోనే వదిలేశాను. మళ్లీ తనే అంది: "నీకో మాట చెప్పమన్నడు. మొన్న నువ్వు చదివి వినిపించిన పేజీలల్ల ఒక తప్పున్నదట. 'కాళ్లు' అని పడ్డదట. ఆమె 'పాదాలు' అన్నదట. మార్చుమన్నడు. మల్ల మాట్లాడలే."

చచ్చిపోతూ కూడా ప్రూఫు దిద్దిన మనిషి గురించి మీకు చెప్పాలని కూర్చున్నాను. ఆ తప్పు ఆ రోజే మార్చాను.

ఆయన శామీర్‌పేట సర్కారు బడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పారు. రిటైరయ్యాక నాటకాల వాళ్ల గురించి, పాత సినిమాల్లో చిన్నా చితకా వేషాలు వేసినవాళ్ల గురించి, టీవీ కొత్తలో నవ్వించినవాళ్ల గురించి పుస్తకాలు రాశారు. మొత్తం ఆరు. ఆరూ నా షాపులోనే టైపయ్యాయి. మీలో ఎవరూ చదివి ఉండరు. అచ్చయిన కాపీల్లో సగం ఆయన మంచం కిందే ఉండేవి. అయినా ఎవరైనా ఇంటికొస్తే ఒకటి చేతిలో పెట్టి, మళ్లీ వచ్చినప్పుడు చదివారా అని పరీక్ష పెట్టేవారు. అందుకే ఆయన ఇంటికి రెండోసారి వచ్చేవాళ్లు తక్కువ.

ఆయన చాలా మంచివారని రాయబోవడం లేదు. రాస్తే మొదట కొట్టేసేది ఆయనే.

తొమ్మిదో తరగతిలో 'నాకు నచ్చిన నటుడు' అని వ్యాసం రాయమన్నారు. నేను రెండు పేజీలు రాశాను. 'ఆయన గొప్ప నటుడు' అని ఐదుసార్లు రాశానట. సారు లేచి నిలబడి నా వ్యాసం క్లాసు మొత్తానికీ చదివారు. 'గొప్ప' వచ్చిన ప్రతిసారీ ఆగి, నా దిక్కు చూసి, చెయ్యి నేల మీద నుంచి కొంచెం కొంచెం పైకి లేపారు. క్లాసంతా నవ్వింది. "గొప్ప అంటే ఏంది పిల్లా? ఎంత ఎత్తుంటది? గొప్ప అని రాసినవంటే నువ్వు చూడలేదన్నట్టు. చూసినోళ్లు ఏం చూసిన్రో రాస్తరు" అన్నారు. ఆ తర్వాత నా నోట్సు కిటికీలోంచి బయటికి విసిరేశారు. బయట వాన పడుతోంది. ఎవరూ పోయి తేవద్దన్నారు. బడి వదిలే దాకా అది నాకు కనబడుతూనే ఉంది.

పదేళ్లు ఆయనను మనసులో తిట్టుకున్నాను. షాపు పెట్టిన కొత్తలో ఒక రోజు గుడ్డ సంచితో లోపలికి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. నన్ను గుర్తుపట్టారో లేదో నాకు తెలియలేదు. సంచిలోంచి కాయితాలు తీసి, "నీకు ల, ళ తేడా ఇప్పుడన్న తెలుస్తున్నదా?" అన్నారు. గుర్తుపట్టారన్నమాట.

అప్పటి నుంచి ఆ కుర్చీ ఆయనదే అయింది. టీ సాసర్‌లో పోసుకుని చల్లారే దాకా ఊదేవారు. స్టీలు స్కేలు లైను కింద పెట్టి, జరుపుకుంటూ జరుపుకుంటూ ప్రూఫులు చూసేవారు. పెళ్లి కార్డులు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ల చేతిలోంచి కాయితం లాక్కుని, "గీ వధువుకు వత్తు ఎక్కడ పోయింది? పెండ్లికి ముందే పారిపోయిందా?" అనేవారు. కొంతమంది నవ్వేవారు. కొంతమంది పక్క షాపుకు పోయేవారు. నేను ఏమైనా అంటే, "పోనియ్. తప్పుల పెండ్లి చేసుకోనియ్" అనేవారు.

ఆయన ఎట్లా రాసేవారో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. టీవీ వచ్చిన కొత్తలో ఒక హాస్యనటుడు ఉండేవాడు. ముసలితనంలో గాజులరామారంలో రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. ఆయన జబ్బు పడి జనరల్ వార్డులో ఉంటే సారు రోజూ పోయి పక్కన కూర్చునేవారు. ఊపిరి అందని మనిషి మంచం చుట్టూ జనం చేరి, "తాతా, గా డైలాగు ఒక్కపారి కొట్టవా" అని అడుగుతుండేవారట. ఆయన మాస్కు పక్కకు తీసి, డైలాగు చెప్పి, మళ్లీ మాస్కు పెట్టుకునేవాడట. ఆఖరి రోజు కూడా చెప్పాడట. సారు ఇదంతా రాసి, ఆ డైలాగు మాత్రం రాయలేదు. "అది పెట్టాలె కద సార్, జనానికి యాదికొస్తది" అన్నాను. "జనానికి ఆయన యాదికి రావాలె. అది కాదు" అన్నారు.

ఆ హాస్యనటుడి భార్యను, ఆమె ఏడుస్తున్నప్పుడు కూడా ఆపకుండా ప్రశ్నలు అడిగారట. "పాపం కద సార్" అంటే, "నొప్పి ఉన్నకాడనే అడగాలె. లేనికాడ అడిగితె అబద్ధం చెప్తరు" అన్నారు. నాకు అప్పుడది పెద్ద మాటలాగా అనిపించి నా డైరీలో రాసుకున్నాను.

ఇక ఆయన ఐదో పుస్తకం సంగతి.

మా దిక్కు ఒక నాటకాల కంపెనీ ఉండేది. బౌరంపేట భూస్వామి ఒకాయన సరదా కొద్దీ పెట్టి, తనే రాజు వేషం కట్టేవాడు. ఆ వేషంలో ఎంత పేరు వచ్చిందంటే ఊళ్లో అందరూ ఆయనను రాజు అనే పిలిచేవారు. నేనూ అట్లాగే రాస్తాను. తర్వాత సినిమాల్లో సింహాసనం మీద కూర్చుని రెండు మాటలు చెప్పే వేషాలు కొన్ని వేశాడు. ఆయన పక్కన ఇరవై రెండేళ్లు రాణి వేషం కట్టిన ఆమె శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే వాళ్ల బిడ్డ. గొంతు బాగుందని పన్నెండేళ్ల వయసులో కంపెనీలో చేర్చుకున్నారు. ఊరూరూ తిరిగిన కాలమంతా ఇద్దరూ మొగుడూ పెళ్లాల్లాగే ఉన్నారు. ఊళ్లో రాజుకు ఇల్లూ సంసారమూ వేరే ఉన్నాయి. సినిమాలకు పోయినప్పుడు ఆయన కంపెనీ మూసేశాడు. ఆమె కౌకూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, ఒక ప్రైవేటు బడిలో ఆయాగా కుదిరింది. పిల్లలకు ముక్కులు తుడిచి, చెప్పులు తొడిగి బతికింది. ఆ బడిలో కూడా ఆమెను రాణమ్మ అనే పిలిచేవారు. ఎందుకో వాళ్లకు తెలియదు.

సారు మూడేళ్లు ఆమె దగ్గరికి తిరిగారు. వారానికి ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయేవారు. ఆమె గడప మీద కూర్చునేది, మేము లోపల చాప మీద. ఎప్పుడూ కుడి చెవి మా దిక్కు తిప్పి వినేది. ఒక రోజు సారు, "ఎడమ చెవు వినవడదా?" అని అడిగారు. ఆమె ఊఁ అంది. "ఎప్పటి సంది?" ఆమె కొంగు చెవి మీదికి లాక్కుంది. "ఆయన కొట్టెటోడా?" అన్నారు సారు.

నేను లేచి బయటికి పోదామనుకున్నాను. సారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

ఆమె వీధి దిక్కు చూసుకుంటూ చెప్పింది. నాటకంలో రాజు రాణిని అనుమానించి, చెంప మీద కొట్టి అడవికి పంపే ఘట్టం ఉంది. ఉత్తుత్తిగా కొట్టాలి, తెర వెనక ఎవరో చప్పట్లతో చప్పుడు చెయ్యాలి. ఆ రోజు రాజుకు ఆమె మీద ఏదో కోపం ఉంది. నిజంగానే కొట్టాడు. ఆమె కింద పడింది. ఇంత బాగా ఎన్నడూ చెయ్యలేదని జనం లేచి చప్పట్లు కొట్టారు. "ఒన్స్ మోర్" అని అరిచారు.

"మల్ల లేపి నిలవెట్టిండు సారూ" అంది ఆమె. "నా కండ్లల్లకు చూసిండు. మల్ల కొట్టిండు. మల్ల ఒన్స్ మోర్ అన్నరు. గా మూడో దెబ్బకు చెవులకెల్లి కుయ్యిమని మోగింది, ఇగ ఆగలే. పద్యం మాత్రం తప్పలే నేను. శ్రుతి గూడ వినవడలే, అందాజ మీద పాడిన."

రాజు చనిపోయినప్పుడు ఆమె బౌరంపేట పోయింది. గేటు దగ్గర ఆపేశారు. "మొఖం చూడనియ్యలే. గేటు సందులకెల్లి పాదాలు కనవడ్డయ్. వేషం కట్టేముంగట గా పాదాలకు నేనే పారాణి పెడుతుంటి. గుర్తువట్టిన. చాలు అనుకొని వచ్చిన" అంది. సారు అడిగారు: "ఏడ్సినవా?" "ఏడుస్తే గేటు కాడ కూడ ఉండనియ్యరు కద సారూ."

తన దగ్గరున్న ఒక్క ఫోటోల ఆల్బం సారు చేతిలో పెట్టింది. కొంగుతో తుడిచి ఇచ్చింది.

పుస్తకం రాయడం అయింది. అచ్చు వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. సారుకు షుగరుతో కంటిచూపు తగ్గడం మొదలైంది. స్కేలు పెట్టినా లైను దొరికేది కాదు. అప్పుడు రాజు కొడుకు వచ్చాడు. అతను ఇప్పుడు వెంచర్లు వేస్తాడు, రాజకీయాల్లో కూడా ఉన్నాడు. మంచి కాయితం మీద, రంగుల ఫోటోలతో, గట్టి అట్టతో వేయిస్తానన్నాడు. మాట చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మా బాపు గురించి మీరు రాసిన దాంట్ల నాకేం అబ్జెక్షన్ లేదు. గా ఆడామె ముచ్చట ఒక్కటి వద్దు. మా అమ్మ ఇంక ఉన్నది" అన్నాడు.

సారు వారం రోజులు ఒప్పుకోలేదు. ఎనిమిదో రోజు షాపుకు వచ్చి, కూర్చోకుండానే, "మూడో అధ్యాయం తీసెయ్" అన్నారు. నేను తల ఎత్తి చూశాను. "మలి ముద్రణల పెట్టుకుందాం. ఒక్క మంచి బుక్కు కండ్లతోని చూస్కుంట పిల్లా. ఇంక ఎన్ని దినాలు కనవడ్తదో" అన్నారు. నన్ను అడుగుతున్నట్టు అన్నారు. నేను వద్దని అనలేదు. రాజు కొడుకు వెంచర్ల బ్రోచర్లు అప్పటికే నా షాపులో తయారవుతున్నాయి.

అధ్యాయం తీయడం నిమిషం పని. ఫోటోలే రెండు రోజులు పట్టాయి. ప్రతి ఫోటోలోనూ ఆమె ఆయన పక్కనే ఉంది. ఒక్కొక్కటీ కత్తిరించుకుంటూ వచ్చాను. ఒక ఫోటోలో మాత్రం ఆమె చెయ్యి రాజు భుజం మీద ఉంది. మనిషిని తీసేసినా గాజుల చెయ్యి అక్కడే మిగిలింది. ఒక్కో వేలూ చెరిపి, ఆ జాగాలో రాజు అంగీ రంగు నింపాను. రాజు కొడుకు మనిషి నా వెనక నిలబడి, ఆ అధ్యాయం కాయితాలు తీసుకుని, పాత ఫైలు కూడా తీసేయించి, చెత్తబుట్ట ఖాళీ చేయించాడు. అంతకుముందు రెండు రోజుల్లో ఎప్పుడైనా నేను ఒక కాపీ దాచిపెట్టుకోవచ్చు. దాచలేదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది.

ఆవిష్కరణ మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. రాణమ్మను ఎవరూ పిలవలేదు. ఎవరో చెబితే విని, ఇస్త్రీ చేసిన పసుపు చీర కట్టుకుని ఆటోలో వచ్చింది. పుస్తకం ఒకటి తీసుకుని, నన్ను వెతుక్కుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆమెకు చదువు రాదు.

"నేనెక్కడున్ననో చూపియ్యి బిడ్డా" అంది.

స్టేజీ మీద సారుకు శాలువా కప్పుతున్నారు. మైకులో ఎవరో రాజును పొగుడుతున్నారు. నేను పుస్తకం తెరిచి, మూడో అధ్యాయం మొదటి పేజీ చూపించాను. అందులో రాజు కట్టించిన కల్యాణమండపం గురించి ఉంది. దాని మీద వేలు పెట్టి, తీసేసిన అధ్యాయం ఆమె కుడి చెవిలో గుర్తున్నంత వరకు చదివాను. చెరువు దగ్గర మొదలుపెట్టాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. నడుమ ఒకసారి, "ఒన్స్ మోర్ ముచ్చట ఉన్నదా?" అంది. "ఉన్నదమ్మా" అన్నాను. "పాదాల ముచ్చట?" "అదీ ఉన్నది." ఆమె పుస్తకం తీసుకుని, ఆ పేజీ మీద చెయ్యి పెట్టి నిమిరింది. "మస్తు నున్నగున్నది కాయితం" అంది.

సారు స్టేజీ దిగాక అడిగారు: "ఆమె వచ్చిందా? పసుపు రంగు కనవడ్డది." వచ్చిందన్నాను. ఏమన్నదో, నేనేం చేశానో చెప్పాను. సారు శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. "చదివినప్పుడు తప్పులు పోలేదు కద?" అన్నారు. అంతే అన్నారు.

ఆమె మర్నాడే ఆ పుస్తకం బడికి తీసుకుపోయి, ఒక టీచరమ్మకు ఇచ్చి మళ్లీ చదివించుకోబోయింది. ఆ టీచరమ్మ మంచిదే. వారం రోజులు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా వెతికి, "నువ్వు లేవమ్మా దీంట్ల" అని చెప్పింది.

ఆ ఆదివారం ఆమె బస్సెక్కి శామీర్‌పేట వచ్చింది. నేను సారు దగ్గర కూర్చుని పేపరు చదివి వినిపిస్తున్నాను. ఆమె గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పుస్తకం మంచం మీద పెట్టింది.

"సారూ, నీ బుక్కు నీకు. నా ఆల్బం నాకియ్యి."

ఆల్బం స్కానింగ్‌కని రాజు కొడుకు ఆఫీసుకు పోయి వచ్చింది. వచ్చాక సారు తెరిచి చూడలేదు, చూసినా కనబడేది కాదు. నేనూ తెరవలేదు. బీరువాలోంచి తీసి ఇచ్చాను. ఆమె మొదటి పేజీ తిప్పింది. నల్ల అట్ట మీద ఫోటో మూలలు అతికించిన గుర్తులు నాలుగు ఉన్నాయి, ఫోటో లేదు. రెండో పేజీ తిప్పింది. అన్ని పేజీలూ అట్లాగే ఉన్నాయి. అయినా ఒక్కటీ వదలకుండా ఆఖరి దాకా తిప్పింది.

"ఏమైంది? ఏమైంది పిల్లా?" అని సారు నన్ను అడుగుతున్నారు. ఆమే చెప్పింది: "ఏం కాలే సారూ. అన్ని తీసుకున్నరు."

సారు రెండు చేతులూ మంచం మీద ఆనించుకుని, "మల్ల అచ్చేస్త అమ్మా. మలి ముద్రణల నిన్ను పెడ్త" అన్నారు.

"అప్పటిదాంక నేనుంటనా?"

సారు మంచం మీది పుస్తకం చేత్తో తడిమారు.

"నాటకంల రాజు దినాం నన్ను అడవికి పంపిండు సారూ. తెర పడ్డంక మొఖం కడుక్కొని, అందరితోని కూసొని బువ్వ తినెటిదాన్ని. నువ్వు పంపినంక తెర పడ్తలేదు. ఏ చెవు అని అడిగినవ్ నువ్వు. నా తోడవుట్టినోళ్లు కూడ అడగని ముచ్చట్లు అడిగినవ్. అన్ని చెప్పిన. చెప్పకుంటే నా కాడనన్న ఉంటుండె."

గొంతు పెంచలేదు. టీ పెడతానంటే వద్దంది. బస్టాండు దాకా వెంట నడిచాను. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, తనే దాటింది.

ఆ వానాకాలమే ఆమె పోయింది. మాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. పన్నెండు రోజుల తర్వాత సారు బడికి ఫోన్ చేయించి, ఆమెను పిలవమంటే, "ఏ రాణమ్మ సార్? ఆయానా? ఆమె పోయింది కద" అన్నారు.

మర్నాడు సారు గుడ్డ సంచితో షాపుకు వచ్చారు. అందులో ఆమె దగ్గర కూర్చుని రాసుకున్న తొమ్మిది నోటుబుక్కులు ఉన్నాయి. వింటూ గబగబా రాసుకున్న ఆ రాత ఆయన తప్ప వేరెవరూ చదవలేరు. ఆయనకేమో ఇప్పుడు కళ్లు కనబడవు. నేను ఒక్కో అక్షరం పోల్చుకుంటూ చదివేదాన్ని. "అది 'చే' కాదు, 'చో' అయి ఉంటది. చోటు. చెరువు కాడ చోటు. కొట్టు" అనేవారు. ఒక పేజీకి ఒక్కోసారి మధ్యాహ్నమంతా పట్టేది. నడుమ జిరాక్సులకు జనం వచ్చేవాళ్లు. ఆధార్ కార్డు రెండు వైపులా తీసి ఇచ్చి, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. ఇట్లా రెండేళ్లు చేశాం. ఆయన ఆరో పుస్తకం అదే.

రాణమ్మ కథ అయ్యాక సారు ఇంకో అధ్యాయం చెప్పడం మొదలుపెట్టారు. తాను చేసిన పని గురించి. రాజు కొడుకు వచ్చిన రోజు నుంచి, వరసగా, ఒక్క మాట మెత్తబరచకుండా చెప్పుకుంటూ పోయారు. ఒక చోట, "నా శిష్యురాలు ఫోటోలో నుంచి ఆమె చేతిని వేలు వేలుగా తుడిచివేసింది. తర్వాత ఆమెకు లేని అధ్యాయం చదివి వినిపించింది" అన్నారు.

నేను టైపు ఆపాను. కీబోర్డు చప్పుడు ఆగగానే ఆయనకు తెలిసింది.

"ఎందుకాగినవ్?"

"నన్నెందుకు పెడ్తున్నరు సార్? మీరు చెప్తెనే చేసిన కద."

"నీ పేరు రాయలే. పని రాసిన."

"ఈ ఊర్ల మీ శిష్యురాలు, డీటీపీ షాపు అంటే ఎవరో అందరికీ తెలుసు సార్."

"తెలువనియ్."

ఆ మాటకు నాకు తొమ్మిదో తరగతి నాటికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఇంత చాకిరీ చేస్తే ఇదా అనిపించింది. కంప్యూటర్ బంద్ చేసి, ఆయనను ఆటో ఎక్కించి, ఇక రావద్దన్నాను. పదకొండు రోజులు ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. పన్నెండో రోజు ఆయనే వచ్చారు. ఎవరినో బతిమాలి బస్సెక్కి, మేడ్చల్‌లో దిగి, హైవే ఎట్లా దాటారో తెలియదు. మోచెయ్యి గీరుకుపోయి ఉంది. గోడ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తప్పయిందని అనలేదు. "నువ్వు కొట్టకుంటే ఇంకోలతోని కొట్టిపిస్త. వాళ్లు ల, ళ తప్పులు చేస్తరు" అన్నారు.

నేను దూది తెచ్చి మోచెయ్యి తుడిచాను. తుడుస్తుండగా మెల్లగా అన్నారు: "పిల్లా, నొప్పి ఉన్నకాడ అడగాలె అని అంటుంటి కద. అడుగుడు తెలుసు నాకు. అడిగి తెచ్చుకున్నది ఏడ పెట్టుకోవాలెనో తెల్వకపాయె."

ఆ వాక్యం ఆ రోజే టైపు చేశాను. నా గురించి ఉన్న వాక్యం కూడా.

అంతా అయ్యాక, ముందుమాటలో ఆమెకు క్షమాపణ చెప్పాలని నేనన్నాను. వద్దన్నారు. "క్షమాపణ అంటే మల్ల ఆమెనే మనకేదో ఇయ్యాలె. ఆమె కాడ ఇగ తీసుకునుడు వద్దు" అన్నారు. ఆ పుస్తకం అచ్చుకు ఎవరూ ఒప్పుకోలేదు. రాజు కొడుకంటే అందరికీ భయమే. "నీ జిరాక్సు మిషన్ మీదనే తియ్యి" అన్నారు. ఆఖరిసారి మొత్తం చదివి వినిపించిన నాలుగు రోజులకే ఆస్పత్రిలో చేర్చారు. ఇంటికి రాలేదు.

అంత్యక్రియల రోజు రాజు కొడుకు వచ్చాడు. పెద్ద పూలదండ తెచ్చాడు. గేటు బయట అతని ఫోటో, సారు ఫోటో పక్కపక్కన వేసి ఫ్లెక్సీ కట్టించాడు. అందరూ చూస్తుండగా ఆ గట్టి అట్ట పుస్తకం, రాణి లేని పుస్తకం, సారు ఛాతీ మీద పెట్టి దండం పెట్టాడు. సారు రెండు చేతులూ దాని మీదికి జరిపి పట్టుకున్నట్టు పెట్టించాడు. ఫోటోలు తీశారు. సారు బిడ్డకు ఇవేవీ తెలియవు. పాపం, అతనికి చేతులు జోడించింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ముందుకు పోయి ఆ పుస్తకం తీసేయవచ్చు. అంతమంది ముందు నాకు ధైర్యం చాలలేదు. సారు ఆ పుస్తకంతోనే కాలిపోయారు.

నా సంగతి ఉన్న ఆ అధ్యాయానికి ఇది కూడా కలపాలి. చెప్పడానికి ఆయన లేరు కాబట్టి నేనే రాసి కలిపాను. మొదటిసారి ఎవరూ దిద్దకుండా పోయిన నా పేజీ అది. 'పాదాలు' సరి చూసుకుని, ఇరవై కాపీలు తీసి, స్పైరల్ వేశాను. మీలో ఎవరికైనా కావాలంటే షాపుకు రండి. చదివాక మీరేం చూశారో చెప్పండి, గొప్పగా ఉందని మాత్రం అనకండి.

ఆయన నాకు ఏమిచ్చారని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. ప్రేమగా ఒక్క మాట అన్నది గుర్తులేదు. కానీ నేను చేసిన పనిని నా చేతనే రాయించి, తప్పులు లేకుండా రాయించి పోయారు. అంత పట్టింపు నా మీద ఇంకెవరూ పెట్టుకోలేదు.

మొదటి కాపీ తీసుకుని పోయిన ఆదివారం కౌకూర్ పోయాను. రాణమ్మ ఉండిన గదికి తాళం వేసి ఉంది. గది కిరాయికిచ్చిన ఇంటామె గడప మీద కూర్చుని బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరుతోంది. మేము వచ్చే వేళల్లో పనికి పోయి ఉండేదేమో, ఇంతకుముందు నేనామెను చూడలేదు. ఎందుకొచ్చానో చెప్పాను. ఆమె చేట దించకుండానే నా దిక్కు చూసింది.

"బుక్కు రాసెటోళ్లు వస్తుండె అని చెప్పేది. మీరేనా?" అంది. అవునన్నాను. "రెండు దినాలు లోపట్నే ఉండె ఆమె. మేం తలుపు ఇరగ్గొట్టి తీసినం. మోసెటోళ్లు నలుగురు దొరకక మా ఆయన గల్లీల తిరిగిండు. అప్పుడు మీరు ఏడున్నరు?"

పుస్తకం ముందుకు చాపాను.

ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. నాలుగో తరగతి దాకా చదివానని అంది, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు. మొదటి పేజీ తెరిచి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. "శా... మీ... ర్... పేట... చె... రు... వు..." ఒక్కో లైనుకు ఎంతోసేపు పడుతోంది. తప్పు చదివిన చోట మళ్లీ వెనక్కి పోయి మొదటి నుంచి చదువుతోంది. పక్కింటి కోడి వచ్చి చేటలో బియ్యం తింటుంటే కూడా చూడలేదు.

నన్ను కూర్చోమనలేదు. పొమ్మని కూడా అనలేదు.